అరవై నాలుగా, అరవై ఆరా

పటాలు కట్టే షాపులో ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆ మనిషికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. జీతాల రిజిస్టరులో తప్ప దాన్నెవరూ వాడరు. నాణేలు పోగుచేసేవాళ్ళకి ఆయన గీతలాయన. ఎవరు ఏ నాణెం చేతిలో పెట్టినా బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. కిటికీ దగ్గరికి పోయి, భూతద్దం కంటికి ఆనించి, "ఇదుగో, గడ్డం కింద గీతుంది" అంటాడు. కూతురు పుట్టినప్పుడు పొత్తిళ్ళలో తెచ్చి చేతికిస్తే, "చెంప మీద ఈ గీతేమిటి?" అని నర్సును నిలదీశాడని ఆయన భార్య ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది.

నిలకడ లేని మనిషి. అన్నం తినేటప్పుడు కూడా కంచం చేత్తో పట్టుకుని కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతాడు. నాణెం చేతిలో ఉన్నంతసేపే కాళ్ళు ఒకచోట ఆగుతాయి. ఆవిడ ఆ పిచ్చిని ఏనాడూ కాదనకపోవడానికి అదే కారణమని నా అనుమానం. "ఆ గంటసేపైనా ఇల్లు తొక్కకుండా ఉంటారు" అనేది పక్కింటివాళ్ళతో.

ఈ పిచ్చి అంటనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మంచి నాణేనికి డెబ్బైకి ఇన్ని అని గ్రేడు వేసే కంపెనీలున్నాయి. నాణెం పంపితే వాళ్ళు చూసి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి అతికించి పంపుతారు. అరవై నాలుగుకీ అరవై ఆరుకీ తేడా మామూలు కంటికి ఆనదు. ధరలో మాత్రం నాలుగు రెట్లుంటుంది. అందుకని కొందరు, మన నాణేనికి తక్కువ వేశారని గట్టిగా నమ్మితే, డబ్బీ పగలగొట్టి నాణేన్ని మళ్ళీ పంపుతారు. పెరిగితే పండగే. తగ్గితే పాత అంకె తిరిగి రాదు. పగిలిన డబ్బీ ఎవరు అతికిస్తారు?

ఆదివారం పొద్దున మంగలి షాపు మీది గదిలో నలుగురు కలిసేవాళ్ళు. గది రిటైరైన పోస్టుమాస్టరుది. ఆయన కాక, పళ్ళ డాక్టరు, లెక్కల టీచరుగారు, మన గీతలాయన. అక్కడొక ఆట ఉంది. బయటివాళ్ళెవరిదైనా డబ్బీలో ఉన్న నాణెం అరువు తెచ్చి, అంకె కనపడకుండా వాళ్ళచేతే కాగితం చుట్టించి, రబ్బరు బ్యాండు వేసి అందరికీ తిప్పుతారు. ఒక్కొక్కరూ తమకు తోచిన గ్రేడు చీటీ మీద రాసి బోర్లిస్తారు. కాగితం విప్పాక ఎవరి అంకె దగ్గరగా ఉంటే వాళ్ళు గెలిచినట్టు, మిగతా ముగ్గురూ టీలకు డబ్బులివ్వాలి. పదకొండేళ్ళలో గీతలాయన టీకి డబ్బులిచ్చిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పైగా ఆయనకి మనసులో అనుకోవడం చేతకాదు. కిటికీ దగ్గర నిలబడి, "అంచు బాగుంది, మెరుపు బాగుంది, అరవై మూడు... ఊహూఁ, నాలుగు" అని పైకే గొణుగుతాడు. గెలుస్తానని తెలిసినవాడు దాచుకోవడం దేనికి?

ఆట ఆటే గానీ, ఆ కంటికి బయట విలువుండేది. డబ్బీ లేని విడి నాణేలు చేతులు మారేటప్పుడు కొనేవాడు ఒకటే అడిగేవాడు: "గీతలాయన చూశాడా?" చూశాడంటే బేరం సగం తెగినట్టే. షాపులో ఆయన జీతం మీద ఎవరికీ గౌరవం లేకపోవచ్చు, ఆ మాట మీద ఉంది. ఆయన ఆస్తి అదే. కొత్తగా నాణేలు మొదలుపెట్టినవాళ్ళకి ఆయన మొదటి పాఠం కూడా ఎప్పుడూ ఒకటే. "ఏమైనా చెయ్యండి, తుడవకండి. ఎంత మెత్తటి గుడ్డైనా సరే. నాణేన్ని తుడిచే చెయ్యి విరిచేయాలి."

ఇలా ఉండగా ఆయన ఒక నాణెం కొన్నాడు. వెండిది, తెరచాప ఎత్తిన పడవ బొమ్మ ఉంది, తపాలాలో తెప్పించాడు. నాలుగు నెలల జీతం. డబ్బీ మీద అంకె అరవై నాలుగు. గీతలాయన చూశాడు. మళ్ళీ చూశాడు. తెరచాప మీద గీత లేదు, అలల మీద లేదు, పైన ఖాళీగా ఉండే చోట కూడా పాలమీగడలా నున్నగా ఉంది. ఇది అరవై ఆరు, అనుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారం గదిలోకి వెళ్తూనే ప్రకటించేశాడు. "డబ్బీ పగలగొట్టి మళ్ళీ పంపుతున్నా. వాళ్ళు నిద్రపోతూ వేశారు దీనికి. మీరూ చూడండి."

నాణెం తిరిగింది. డాక్టరు మామూలుగా రెండు జోకులు వేసేవాడు, ఆ రోజు వెయ్యలేదు. టీచరుగారు చాలాసేపు పెన్ను కొరికారు. చీటీలు తిప్పితే అరవై నాలుగు, అరవై నాలుగు, పోస్టుమాస్టరుది అరవై మూడు.

గీతలాయన మొహం మాడిపోయింది. పదకొండేళ్ళలో ఒక్కసారీ ముగ్గురూ కలిసి ఆయన మీదికి రాలేదు.

"తెరచాప చివర చూడండి అన్నయ్యగారూ, సన్నటి గీతలు రెండున్నాయి," అన్నారు టీచరుగారు మెల్లిగా.

"ఎక్కడ?"

"ఇక్కడ."

ఆమె చూపించిన చోట ఆయనకి నున్నటి వెండి తప్ప ఏమీ కనిపించలేదు.

"తొందరపడకయ్యా. ఉన్నదాంతో ఉండనీ," అన్నాడు పోస్టుమాస్టరు.

"నా దగ్గర మంచి సరుకుంటే మీ అందరికీ కడుపుమంట," అన్నాడు గీతలాయన. ఆ మాట అక్కడ ఎవరూ ఎవర్నీ ఎన్నడూ అనలేదు. నాణెం జేబులో వేసుకుని టీ తాగకుండా మెట్లు దిగిపోయాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళని చాలామందిని చూశాం. ఈయన మాత్రం మొండితనంకొద్దీ అనలేదు, భయంకొద్దీ అన్నాడు. ఆ గీతలు నిజంగా ఉంటే తన కంటికి ఆనలేదన్నమాట. లేకపోతే ముగ్గురిదీ తప్పు. రెంటిలో ఒకటి తేలాలి. నాణెం మళ్ళీ పంపితే తప్ప తేలదు.

ఇంట్లో భార్యకి చెప్పాడు. ఆవిడ కుట్టుమిషను మీద వంగి, సూదిలో దారం ఎక్కించమని ఇచ్చింది. ఆ పని ఎప్పుడూ ఆయనదే. నాలుగుసార్లు గురిచూశాడు, దారం పక్కనించి పోయింది.

"ఈ సూదుల కంపెనీవాళ్ళు బెజ్జాలు సరిగ్గా వెయ్యడం లేదు," అన్నాడు.

ఆవిడ సూది తీసుకుని మొదటిసారికే ఎక్కించేసింది. "అవునండీ, సూదుల కంపెనీ, నాణేల కంపెనీ, అందరూ మీ మీద పగబట్టారు," అంది. తర్వాత మిషను ఆపి ఆయన వంక చూసింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? బాగున్నదాన్ని పగలగొట్టడం దేనికి?"

"నీకు తెలీదు," అన్నాడాయన. భర్తల దగ్గర జవాబు లేనప్పుడు ఉండే జవాబు అది.

మర్నాడు మధ్యాహ్నం, షాపు యజమానురాలు భోజనానికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరికి వేశాడు. బల్ల మీద రంపప్పొట్టు ఊదేసి, అడుగున మెత్తటి అట్ట పరిచాడు. గాజు ముక్కలు విరవడానికి వాడే పట్టకారుతో డబ్బీ మూల పట్టుకుని నొక్కాడు. టప్పుమంది. గుండె కూడా ఆ శబ్దమే చేసింది. రెండో మూల. మూడో మూల. పైమూత లేచి నాణెం అట్ట మీద పడింది.

అంచుల్ని వేళ్ళతో పట్టుకుని ఎత్తాడు. ఎన్నేళ్ళుగానో గాలి తగలని నాణెం. చేతిలో ఎంత చల్లగా ఉందో! పట్టరాని సంతోషం వేసింది. వెలుతురులోకి తిప్పాడు. అప్పుడు కనిపించింది, పైన పల్చటి మబ్బు. ఊపిరి తగిలిన అద్దంలా మసక. డబ్బీలోకి వెళ్ళకముందు ప్లాస్టిక్ ఆల్బముల్లో ఏళ్ళ తరబడి ఉంటే ఒక్కోసారి అలాంటి పొర పడుతుంది. అది చూసే వాళ్ళు తక్కువ వేసి ఉంటారు! దాన్ని తియ్యడానికి మందుంది, దానిలో ముంచి తీస్తే చాలు, చెయ్యి తగలక్కర్లేదు. ఆ సీసా ఇంట్లో ఉంది. సాయంత్రం దాకా ఆగాలి.

ఆయన ఆగలేదు. పటాల గాజు తుడిచే గుడ్డ భుజం మీదే ఉంది. మెత్తటిదే, ఉతికినదే. ఒకే ఒక్కసారి, రెప్పపాటు, పడవ మీద అలా తుడిచాడు.

మబ్బు పోలేదు.

నాణెం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పోలేదు. తల ఎత్తి ఎదురుగా గోడ చూశాడు. గోడకున్న పటాల మీద కూడా అదే మబ్బు ఉంది. గాజు బిగించని ఖాళీ చట్రంలోనూ ఉంది. కిటికీ అవతల కరెంటు స్తంభం మీద కూడా ఉంది. గీతలాయన కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. తర్వాత నాణేన్ని కాగితం కవరులో పెట్టి, కవరును డబ్బాలో పెట్టి, పార్సిలు కట్టి, ఆ సాయంత్రమే పంపేశాడు. ఎందుకు పంపాడంటే చెప్పలేడు. పంపకపోతే ముగ్గురూ ఎందుకు పంపలేదని అడుగుతారు కదా.

జవాబుకి ఏడు వారాలు పడుతుందని రాశారు. ఆ ఏడు వారాలు ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పొద్దున్నే లేచి ఎడమ కన్ను మూసి కాలెండరు చూసేవాడు, తర్వాత కుడి కన్ను మూసి చూసేవాడు. బస్సు నంబరు దూరంనించి చదివి, దగ్గరికొచ్చాక సరిచూసుకునేవాడు. తప్పితే, "దుమ్ము," అనుకునేవాడు. కొరియరు ఆఫీసు కుర్రది ఆయన్ని చూడగానే, "రాలేదండీ," అనడం నేర్చుకుంది. నోరు తెరిచేలోపే అనేది.

నాలుగో వారంలో ఒకావిడ కట్టించుకున్న పటం వెనక్కి తెచ్చింది. గాజు కింద, ఫోటోలో ముసలాయన నుదుటి మీదుగా, పొడుగాటి వెంట్రుక ఉంది. యజమానురాలు పటం పట్టుకుని, "మీరు ఇలాంటిది వదలరే," అంది అంతే. తిట్టినా బాగుండేది. "ట్యూబులైటు మార్పించండి," అన్నాడు. మర్నాడు ఆవిడ నిజంగానే కొత్తది పెట్టించింది. గది తెల్లగా వెలిగిపోయింది, ఆయనకి మబ్బు ఇంకా చిక్కబడింది.

ఆదివారాలు గదికి వెళ్ళడం మానలేదు. వెళ్ళకపోతే ఓడినట్టు. చీటీలాటలో మళ్ళీ ఎప్పటిలా ఆయనే గెలుస్తున్నాడు. అది చూసి కొంత ధైర్యం వచ్చేది. కన్ను పోతే ఎలా గెలుస్తాను? రాత్రిళ్ళు ఆ ప్రశ్న పట్టుకుని పడుకునేవాడు. గుడ్డ తగిలీ తగలనట్టు తగిలింది కదా, రెప్పపాటే కదా, ఏమీ అయి ఉండదు. తెల్లారేసరికి మళ్ళీ గుబులు.

పార్సిలు ఒక బుధవారం వచ్చింది. అందరి ముందూ విప్పుతానని తనే ప్రగల్భాలు పలికాడు కాబట్టి ఆదివారం దాకా బీరువా మీద పెట్టాడు. గురువారం దాన్ని దించి ఊపి చూశాడు. శుక్రవారం దీపానికి అడ్డం పెట్టి చూశాడు.

"విప్పి చూసి, మళ్ళీ అంటించండి. నేనెవరికీ చెప్పన్లెండి," అంది భార్య.

"అలా చెయ్యకూడదు."

"అయితే ఆ తిరుగుడు వాకిట్లో తిరగండి. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఆదివారం పోస్టుమాస్టరు బ్లేడుతో పార్సిలు అంచు కోశాడు. ముప్పై ఏళ్ళు కవర్లు చూసిన చెయ్యి, నిదానంగా కోసింది. లోపల కొత్త డబ్బీ. చదివాడు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివాడు.

"గ్రేడు వెయ్యలేదయ్యా. 'తుడిచిన గుర్తులున్నాయి' అని రాశారు."

కింద షాపులో మంగలి కత్తెర చప్పుడు వినిపిస్తోంది. నాణేలవాళ్ళ దగ్గర ఇంతకన్నా పెద్ద నింద లేదు. అరవై నాలుగు ఉన్న నాణెం ఇప్పుడు ఏ అంకె లేనిది. డాక్టరు డబ్బీ అందుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు. ఆయనకి ఆ గీతలు కనిపించాయో లేదో మొహంలో తెలియలేదు.

"వాళ్ళ పనే," అన్నాడు డాక్టరు. "గ్రేడు వేసే ముందు ఎవడో బుద్ధిలేనివాడు గుడ్డ పెట్టి రుద్దుంటాడు. లేకపోతే గురువుగారి చేతిలోంచి వెళ్ళిన నాణెం మీద గీతలా?"

"వదలకూడదు. ఉత్తరం రాద్దాం," అన్నారు టీచరుగారు. "పగలగొట్టకముందు ఈ గీతలు లేవని మేం ముగ్గురం చూశాం కదా. సంతకాలు పెడతాం."

పోస్టుమాస్టరు అప్పటికే సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. నాలుగు వాక్యాలు రాశాడు. డాక్టరు సంతకం పెట్టాడు, టీచరుగారు పెట్టారు, పోస్టుమాస్టరు పెట్టాడు. పెన్ను గీతలాయన ముందుకొచ్చింది.

తీసుకున్నాడు. ఇంత సులువుగా బయటపడతానని ఆయన అనుకోలేదు. సంతకం పెడితే చాలు, తప్పు ఎక్కడో ఉన్న కంపెనీది అవుతుంది, ఆయన మాట ఆయనకుంటుంది. ఎవరూ అడగరు. కాగితం కింద మూడు సంతకాలు మసకమసకగా కనిపిస్తున్నాయి. ఆ ముగ్గురినీ కడుపుమంట అన్నాడు తను. వాళ్ళు తన కోసం, తాను తుడవలేదని కళ్ళారా చూసినట్టే పూచీ పడ్డారు. గీతలాయనకి సిగ్గేసింది. చెప్పలేనంత సిగ్గేసింది.

"తుడిచింది వాళ్ళు కాదు," అన్నాడు. "నేను."

సంతకం పెట్టకుండా కాగితం పక్కకు జరిపాడు.

"పగలగొట్టిన రోజున పైన మబ్బు పట్టినట్టుంటే, గాజు గుడ్డతో ఒకసారి తుడిచాను. మబ్బు నాణెం మీద లేదు. నా కళ్ళలో ఉంది. అప్పుడే తెలిసింది నాకు. తెలిసే పంపాను."

పెన్ను కింద పెట్టి, తిట్లకోసం సిద్ధపడ్డాడు. తిట్లు రాలేదు. తల ఎత్తి చూస్తే ముగ్గురి మొహాల్లో జాలి ఉంది, ఇబ్బంది ఉంది, ఆశ్చర్యం మాత్రం లేదు.

"నా కళ్ళు పాడయ్యాయంటున్నాను. మీకేమీ అనిపించడం లేదా?"

"అన్నయ్యగారూ, కళ్ళ సంగతి మాకు..." అని టీచరుగారు నాలిక కరుచుకున్నారు.

"మీకు?"

పోస్టుమాస్టరు ఉత్తరం రెండుగా చింపాడు. "నువ్వు కిటికీ దగ్గర నిలబడి పైకి గొణుగుతావు కదయ్యా. అరవై అయిదంటావు. అది అరవై మూడని మాకు కనిపిస్తూనే ఉంటుంది. మేం అరవై ఆరో, అరవయ్యో రాస్తాం. నీదే దగ్గరవుతుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నర అయ్యుంటుంది."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు పగలగొడతానన్నావు. ఆటలో అబద్ధం రాస్తే మూడు టీలు పోతాయి, అంతే. ఆ రోజు రాస్తే నీ నాణెం పోతుంది. అందుకని ఉన్నదున్నట్టు రాశాం. నువ్వు వినలేదు."

గీతలాయనకి ముందు ఒళ్ళు మండిపోయింది. నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి ఆడించారా అని అరవబోయాడు. అంతలో ఒక సంగతి తట్టింది. మెల్లిగా డాక్టరు వైపు తిరిగాడు.

"పోయినేడు మీకు రెండు విడి నాణేలు అమ్మాను. అరవై అయిదని చెప్పి. నా మాట మీద కొన్నారు."

డాక్టరు తన గోళ్ళు చూసుకుంటున్నాడు.

"అవి అరవై అయిదు కావు కదూ?"

"అరవై రెండుంటాయి."

"తెలిసే కొన్నారా?"

"తెలిసే."

"గంటసేపు బేరమాడారు కదయ్యా!"

"ఆడకపోతే మీకు అనుమానం రాదూ?" అన్నాడు డాక్టరు.

గీతలాయన నవ్వబోయి ఏడ్చేశాడు. బల్ల మీద మోచేతులు ఆనించి, మొహం చేతుల్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు, ఎవరూ మాట మార్చలేదు. టీచరుగారు కుర్చీ దగ్గరికి జరిపారు. ఏడుపు అయ్యేదాకా ముగ్గురూ అలాగే కూర్చున్నారు.